తొమ్మిది పూసలు

కళ్యాణదుర్గం డిగ్రీ కాలేజీ, జువాలజీ ల్యాబు.
కిటికీకి అద్దం పోయి అట్టముక్క ఉంది.
కుళ్ళాయప్ప నిన్నంతా ఉడకబెట్టి
పాత టూత్‌బ్రష్షుతో తోమిన ఎముకల్ని
పేపరు మీద పరిచినాడు.
పట్టకారుతో ఎంచుతున్నాను.
ఏడు, ఎనిమిది, తొమ్మిది.

"తొమ్మిదేనా మేడమ్?
సందులో యాడన్నా పడిపాయనేమో"
బల్ల కిందికి వంగి వెతుకుతాండాడు.

లేవప్పా, పడిపోలేదు.
పడిపోయుంటే కోట్ల ఏండ్ల కిందట,
ఈ ఎర్రమట్టి ఇంకా రాయిగా ఉన్నప్పుడు.
ఒక్కో పూసా తగ్గించుకుంటూ వచ్చింది వెన్ను,
దూర ప్రయాణానికి మూట విప్పి
ఇది వద్దు, ఇదీ వద్దు అని తీసేసే మనిషి లాగా.
తోక ఊడిపోయిందంటారు అందరూ.
ఊడిన తోక లోపలికి నడిచొచ్చి
పూసకు పూస అతుక్కొని పుల్లయింది,
రెండు తుంటెముకల నడుమ దాచిపెట్టిన కర్ర.
పుచ్ఛదండం.
రికార్డులో పిల్లలు ఒత్తు మరిచిపోయే మాట.

ఇటుపక్క బోదురుకప్ప,
బుక్కరాయసముద్రం చెరువు కింద మడిలో దొరికింది.
తొమ్మిదో పూసకు రెండు సన్నటి కడ్డీలు,
తలుపు గొళ్ళెం లాగా ఆడతాయి.
గడియ జారిందా, గట్టు దాటిందే.

అటుపక్క ఉబ్బుకప్ప.
గోళ్ళ దావలో పంటకుంట తవ్వుతుంటే
నడుముల్లోతు మట్టిలో
జెసిబి పండ్లకు తగిలింది.
పొట్టి వెన్ను, పూసలు దగ్గర దగ్గర,
తొమ్మిదో పూసకు విసనకర్రల్లా విచ్చుకున్న రెక్కలు.
ఎగరడానికి కాదు ఆ రెక్కలు.
వెనక్కి వెనక్కి భూమిలోకి దిగడానికి.
ఆకాశాన్ని చూస్తూనే మునిగిపోతుంది అది,
తల చివరకు.

మా నాయన తిమ్మప్ప బావులు తవ్వినాడు.
ఆయనా అంతే, తాడు పట్టుకొని వెనక్కే దిగేవాడు.
పది మట్లు, పన్నెండు మట్లు,
పైన ఆకాశం తట్టంత, తరువాత చెంబంత.
రాత్రిళ్ళు వెల్లకిలా పండుకోలేక
కడప బండ మీద పక్కకు తిరిగి
ముడుచుకొని ఉండేవాడు.
అనంతపురంలో డాక్టరు ఫిలిమును వెలుతురుకు పట్టి
నాలుగూ ఐదూ పూసలు అరిగినాయన్నాడు.
ఆ ఫిలిము నా బీరువాలోనే ఉంది,
పట్టుచీరల కింద.

"తవ్వీ తవ్వీ కప్పకు నడుము వెడల్పయిందా మేడమ్?"
వెనక బెంచీ గంగరత్న.

కాదమ్మా.
తవ్వితే నడుము వంగుతుంది, పిల్లలకు రాదు.
నన్ను చూడు, నా వెన్ను స్కేలు పెట్టి గీసినట్టుంది.
మరెట్లా అంటే,
తవ్వలేని కప్పలు ఎండాకాలం దాటలేదు.
కొంచెం వెడల్పుగా పుట్టినవి కొంచెం లోతుకు పోయినాయి,
వానొచ్చిన రాత్రి పైకొచ్చి
గుడ్లు పెట్టినాయి.
మళ్ళీ ఎండాకాలం.
మళ్ళీ.
మళ్ళీ.

చెప్తూ చెప్తూ ఆగిపోయినాను.
బల్ల మీద ఉన్నది ఒకే ఒక్క కప్ప.
దాని ఒంపు ఒంపులోనూ
ఒడ్డుకు చేరనివాటి లెక్క.
ఎముక లేదు, గుర్తు లేదు,
వాటి పేరు మీద ఒక్క సీసా లేదు.
గంగరత్న రాసుకోవడం ఆపి నన్నే చూస్తాంది.
వాళ్ళూర్లో బోరు పడనివాళ్ళెవరో
గుర్తొచ్చినారో ఏమో, నేనడగలేదు.

బెల్లు కొట్టినారు.
కుళ్ళాయప్ప సన్న తీగకు
ఒక్కొక్క పూసా గుచ్చుతున్నాడు,
మనవరాలికి దండ గుచ్చినట్టే, నాలుక కొంచెం బయటికి పెట్టి.
తొమ్మిదోదానికి ఒక రెక్క అంచు విరిగింది.
ఫెవికాల్ పెట్టి
ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు.
అంతసేపు ఎవరూ ఊదుండరు దానికి.

నేను లేబులు రాసినాను.
పేరు. ఊరు. తేదీ.
సేకరించినవారు: జెసిబి.
కొట్టేసినాను.
మళ్ళీ అదే రాసినాను.